దొరసానిని పంపేశాను

జూన్ 4

చిన్నదానికి,

ఆశీస్సులు. నువ్వు క్షేమంగా చేరావని నడిపివాడు చెప్పాడు. నీ పక్షులు నాలుగూ క్షేమం. పంజరం వంటగది కిటికీ దగ్గర వేలాడదీశాను. పొద్దుటి ఎండ పడుతుంది. ఈదురుగాలి తగలదు.

లవ్ బర్డ్స్ అని చెప్పి నా చేతిలో పెట్టి బండెక్కావు. వారం రోజులుగా చూస్తున్నాను. బర్డ్స్ కనబడుతున్నాయి. మొదటి మాట ఇంకా కనబడలేదు.

నీలం రంగుది ప్రతిదానికీ తల ఊపుతుంది. దాన్ని మేస్టారు అంటున్నాను. తెల్లది తలెత్తదు. అది పెళ్ళికూతురు. పసుపుది గుప్పెట్లో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. బక్కోడు. ఆకుపచ్చదానికి నేను పేరు పెట్టలేదు. దాని నడకే చెప్పింది. దొరసాని.

దొరసాని గింజల గిన్నె అంచు మీద కూర్చుంటుంది. తినదు. తినడానికొచ్చినవాళ్ళని పొడుస్తుంది. మేస్టారు "అవునండీ, అవునండీ" అన్నట్టు తల ఊపుతూ వెనక్కి జరుగుతాడు. పెళ్ళికూతురు గోడవైపు తిరుగుతుంది. బక్కోడు నిన్న అడుగున రాలిన పొట్టు ఏరుకు తిన్నాడు. నేను ప్రార్థనకి కళ్ళు మూసుకునే సమయం చూసి మరీ యుద్ధం మొదలవుతుంది. ఇవాళ దేవుణ్ణి లోకశాంతి అడగలేదు. ముందు పంజరం సంగతి చూడమన్నాను.

ఏం చెయ్యమంటావు?

ఇది నీకు ఏడో ఉద్యోగం. ఆరు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. ఆస్పత్రి వంటిల్లు, నలుగురు ఆడవాళ్ళు, ఒకే గది. నిలదొక్కుకో. నోరు కాస్త అదుపు.

అక్క

*

జూన్ 12

పెద్దక్కా,

నీ ఉత్తరం అందింది. చదివేసి, వెనకవైపు ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూశాను. తెల్లగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు తంతి ఆఫీసు కౌంటర్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ టెలిగ్రాముల్లో "ఈ మాట కొట్టెయ్యండి, ఇది లేకపోయినా అర్థమవుతుంది" అని చెప్పి చెప్పి, సొంత చెల్లెలికి రాసేటప్పుడు కూడా చెయ్యి రాదా నీకు? "నోరు కాస్త అదుపు" అంటే ఏమిటి? అదుపులో పెట్టుకోమనా, అదుపులో ఉందని మెచ్చుకోలా? మెచ్చుకోలనే అనుకున్నాను. థాంక్స్.

దొరసాని గురించి ఏమిటా మాటలు! అది పొడవడం కాదక్కా, పలకరింపు. దానికి చురుకు ఎక్కువ, అంతే. నలుగురున్న చోట ఒకరు ముందుకొచ్చి పట్టించుకోకపోతే పనులు నడుస్తాయా? మిగతా ముగ్గురూ మరీ మెతక. తిండి దగ్గర కూడా తల ఊపేవాడిని ఎవరు బాగుచేస్తారు చెప్పు. వాటిని విడదీయకు. కలిసే ఉండనీ. అదే సర్దుకుంటుంది.

ఇక్కడి సంగతి విను. నేను వచ్చేసరికి ఈ వంటింట్లో ఎవరికీ ఏదీ పట్టదు. మొదటిరోజే అన్నీ సర్దేశాను. గదిలో కిటికీ పక్క మంచం నేను తీసుకున్నాను. అక్కడ ఇదివరకు ఉల్లిపాయలు తరిగే అమ్మాయి పడుకునేదట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళనీళ్ళు కారుస్తూ ఉండే మనిషికి కిటికీ అయితేనేం, తలుపైతేనేం? సామాన్ల గది తాళంచెవి నా నడుముకి కట్టుకున్నాను. నాలుగు వందల మంది రోగులకి జావ కలిపే పెద్ద గరిటె నా చేతిలోనే ఉంటుంది. అది ఇంకొకళ్ళ చేతికిస్తే అడుగంటిందన్నమాటే.

ఇంత చేసినా ఒక్కరికి కృతజ్ఞత లేదు. కళ్ళద్దాలావిడ ఉంది, నాకంటే పదేళ్ళు పెద్ద, పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంది. నేను నోరు తెరిస్తే తను మూసుకుంటుంది. మూడో ఆవిడ మరీ విచిత్రం. నేను గదిలో అడుగుపెడితే చాలు నిద్రపోతుంది. మిట్టమధ్యాహ్నమైనా సరే. ఆవిడకి నిద్రమ్మ అని పేరు పెట్టాను.

మొన్న మేట్రన్ వంటింట్లోకొచ్చి, "ఈ గదిలో నలుగురికీ పడకపోతే ఒకరిని ఇంటికి పంపేస్తాను, మళ్ళీ చెప్పను" అంది. నావైపే చూస్తూ అంది. చెబితే అర్థం చేసుకునే తెలివి నాకొక్కదానికే ఉందని ఆవిడకి తెలిసిపోయింది.

నిలదొక్కుకోవడమేంటక్కా, పాతుకుపోయాను.

పేజీ నిండిపోయినందుకు మాత్రమే ఆపుతున్న
నీ చిన్నది

*

జూన్ 21

చిన్నదానికి,

ఆశీస్సులు.

ఆదివారం నడిపివాడు పిల్లల డ్రాయింగ్ పరీక్ష కాగితాలు పట్టుకుని వచ్చాడు. నీ దొరసాని బొమ్మ వేస్తానని పంజరం ముందు కూర్చున్నాడు. ముద్దుగా ఉందని వేలు పెట్టాడు. కొరికింది. రక్తం వచ్చింది. "పోనీలే అక్కా, చిన్నదేగా" అన్నాడు. కాసేపటికి రెండో చెయ్యి పెట్టాడు. అదీ కొరికింది. నలభై ఏళ్ళు వస్తున్నాయి వాడికి. ఇప్పుడు రెండు చేతులకీ గుడ్డపీలికలు కట్టుకుని బడికి పోతున్నాడు.

నేను ఒకటి గమనించాను. దొరసానికి ఆకలి లేదు. భయం ఉంది. ఉన్నది ఒకటే గిన్నె కాబట్టి అది వదిలితే పోతుందని భయం. అందుకని రెండో గిన్నె పెట్టాను. ఒకదాని మీద కూర్చుని రెండోదాన్ని చూసి అరిచింది. నాలుగు గిన్నెలు పెట్టాను, నాలుగు మూలల. ఇక చూడాలి. ఈ మూలకి పరుగు, ఆ మూలకి పరుగు. అది ఈ మూలన ఉంటే మిగతా మూలల్లో వాళ్ళు తింటున్నారు. సాయంత్రానికి రొప్పుతూ కూర్చుంది. కాపలా కాసేవాళ్ళు తినలేరు. అది సన్నబడింది. బక్కోడు ఒళ్ళు చేశాడు.

ఎక్కడైనా ఒక్క మనిషి అన్నిటినీ పట్టుకు కూర్చుంటే ఈ ఉపాయం పనిచేస్తుందనుకుంటాను.

కిటికీ మంచం ఆ అమ్మాయికి ఇచ్చెయ్యి.

అక్క

*

జులై 1

ఓ పెద్దక్కా,

నీ ఉపాయం అమోఘం! చదివిన రోజే మేట్రన్ దగ్గరికి పరుగెత్తాను.

జరిగిందేమిటంటే, ఈ గదిలోనూ ఒక దొరసాని ఉందని తేలింది. ఎవరనుకున్నావు? కళ్ళద్దాలావిడ! గురువారం పొద్దున చూద్దును కదా, నా పెద్ద గరిటె లేదు. వెతికి వెతికి చివరికి బియ్యం డ్రమ్ములో, బియ్యం కింద దొరికింది. "ఎవరు దాచారు?" అంటే ఎవరూ పలకరు. నిద్రమ్మ నిలబడే నిద్రపోయింది. ఉల్లిపాయలమ్మాయి ఏడ్చింది, కాని అది ఎప్పుడూ ఏడుస్తుంది కాబట్టి సాక్ష్యానికి పనికిరాదు. కళ్ళద్దాలావిడ మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "గరిటె అందరిదీ అనుకున్నానమ్మా" అంది. చూశావా పొగరు!

నీ ఉత్తరం జ్ఞాపకం వచ్చి ఊరుకున్నాను. మేట్రన్‌కి చెప్పి నాలుగు పెద్ద గరిటెలు తెప్పించాను, నాలుగు పొయ్యిలకి నాలుగు. ఇక ఎవరూ ఎవరిదీ దాచక్కర్లేదు.

కాని అక్కా, చిక్కేమిటంటే వీళ్ళకి తిప్పడం చేతకాదు. ఒకావిడ నెమ్మదిగా తిప్పుతుంది. ఇంకొకావిడ ఎడమవైపుకి తిప్పుతుంది. దాంతో నాలుగు గరిటెలూ నేనే చూసుకోవాల్సి వస్తోంది. ఈ పొయ్యి దగ్గర్నించి ఆ పొయ్యికి, ఆ పొయ్యి దగ్గర్నించి ఈ పొయ్యికి. నేను ఒకచోట ఉంటే ఇంకోచోట వాళ్ళు నవ్వుకుంటూ ఉంటారు. సాయంత్రానికి రొప్పు వస్తోంది. కూర్చుని తినే తీరిక లేదు. జాకెట్లు వదులయ్యాయి. ఆ కళ్ళద్దాలావిడ మాత్రం ఒళ్ళు చేసింది.

ఎక్కడో తేడా కొడుతోంది. నీ ఉపాయంలో ఏదైనా మాట వదిలేశావా? నీకు అలవాటేగా.

మంచం సంగతికొస్తే, కిటికీ పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. చిన్నప్పట్నించీ అంతే.

నడిపన్నయ్య వేళ్ళకి నా ముద్దులు. మూడో చెయ్యి లేదు కాబట్టి బతికిపోయాడు.

చిక్కి సగమైన
నీ చిన్నది

*

జులై 10

చిన్నదానికి,

నాలుగు గరిటెల సంగతి చదివాను. మళ్ళీ చదివాను. ఏమీ అనను. నువ్వే ఇంకోసారి చదువుకో.

బక్కోడి కాలివేలు దొరసాని కొరికింది. బాగా రక్తం పోయింది. పశువుల డాక్టరుకి చూపించాను. బతుకుతాడు.

దొరసానిని గడియారాల ఆయన దగ్గరికి పంపేశాను. పంజరం కడిగాను. మిగతావి కులాసా.

ఆఫీసులో రద్దీ. ప్రార్థనలో నిన్ను తలుస్తున్నాను.

అక్క

*

జులై 17

అక్కా,

పంపేశావా?

అంతేనా? "పంపేశాను. పంజరం కడిగాను. మిగతావి కులాసా." అంత తేలిగ్గా ఎలా రాశావు? పంజరం కడగడం కూడానా? దాని వాసన కూడా ఉండకూడదా?

ఆ గడియారాల ఆయన దుకాణంలో పిల్లి ఉంది. నాకు బాగా గుర్తు. గోడ గడియారం మీద కూర్చుని కిందికి తోక వేలాడేసేది, లోలకం అనుకుని జనం టైము చూసేవాళ్ళు. ఆ పిల్లి నోట్లో పెట్టావు నా దొరసానిని. దానికి కాస్త దుడుకు. ఒప్పుకుంటాను. దుడుకైతే పంపేస్తావా? నేర్పవా? ఓపిక పట్టవా? పొద్దునా సాయంత్రం ప్రార్థన చేసే మనిషివి!

అవునులే. నీకు కొత్తేమీ కాదు.

నాకు తొమ్మిదేళ్ళు. నడిపన్నయ్య చెయ్యి కొరికాను. ఎందుకు కొరికానో ఇప్పుడు గుర్తు కూడా లేదు, కిటికీ దగ్గర చోటు కోసమే అయి ఉంటుంది. వాడు "పోనీలే అక్కా, చిన్నదేగా" అన్నాడు. నువ్వు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నా రేకుపెట్టె గుమ్మంలో ఉంది. "బట్టలు సర్దాను. పిన్ని దగ్గరికి. తొమ్మిదింటికి బండి." అంతే! లెక్కపెట్టుకో, ఎన్ని మాటలో. ఎందుకో చెప్పలేదు. ఎన్నాళ్ళకో చెప్పలేదు. రెండేళ్ళక్కా. పిన్ని ఇంట్లో నేను రెండేళ్ళు ఎవరినీ కొరకలేదు, కొరకకపోతే తీసుకెళ్తావేమోనని. ఆ సంగతి నీకెవరూ రాయలేదనుకుంటాను.

ఇక్కడ నా పరిస్థితి కూడా విను, ఇంకా సంతోషిస్తావు. నిన్న మేట్రన్ గదికి పిలిచింది. టేబుల్ మీద ఒక కాగితం ఉంది. "గదిలో ముగ్గురు ఒక మాట మీద ఉన్నారు, నువ్వొక్కదానివే ఇంకో మాట మీద ఉన్నావు. వచ్చే శనివారం దాకా ఆలోచిస్తాను" అంది. ఆ కాగితం నన్ను ఇంటికి పంపే కాగితం. ఏడో ఉద్యోగం కూడా అయిపోయినట్టే. పెట్టె సర్దడం నాకు చిన్నప్పుడే అలవాటు చేశావు, ఇబ్బంది లేదు.

కాని ఇంటికి రాను. వస్తే నువ్వు పంజరం కడుక్కోవాలి.

చిన్నది

*

జులై 20

చిన్నీ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి ప్రార్థనకి కూర్చున్నాను. కుదరలేదు. లేచి మళ్ళీ చదివాను. ఇది త్వరగా చేరాలని మా ఆఫీసు టపా సంచిలో వేయిస్తున్నాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసుకి రెండేళ్ళు తక్కువ. ఇలాంటిది ఇంతకుముందెప్పుడూ చెయ్యలేదు.

ఒక తప్పు చేశాను. "పది రోజులకు" అన్న మాట వదిలేశాను. దొరసానిని గడియారాల ఆయన దగ్గరికి పది రోజులకు పంపాను. తొమ్మిదిన వెళ్ళింది. నిన్న, పంతొమ్మిదిన వచ్చేసింది. నువ్వు నన్ను తిడుతూ రాసిన ఉత్తరం విప్పేసరికి అది ఇంట్లోనే ఉంది. నీ తిట్లు పక్కనే కూర్చుని వింది.

ఆ పిల్లి ఆయనది కాదు. ఎదురు దుకాణం వాళ్ళది. పోయి రెండేళ్ళయింది.

పది రోజుల సంగతి డాక్టరు చెప్పాడు. గేదె కంటే చిన్న ప్రాణిని ఆయన ఎప్పుడూ చూడలేదట. బక్కోడిని అరచేతిలో పెడితే కళ్ళజోడు మార్చుకున్నాడు. "కుమ్మే గేదెకి ఏం చేస్తామో దీనికీ అదే చెయ్యండమ్మా. కొట్టం నుంచి కొన్నాళ్ళు తీసెయ్యాలి. అది లేనప్పుడు మిగతావాటికి ధైర్యం వస్తుంది, ఎవరి చోటు వాళ్ళు చూసుకుంటారు. తరవాత కొట్టం కడిగి, గుంజలు మార్చి, దాన్ని ఆఖర్న తీసుకురావాలి. అప్పుడు అది యజమాని కాదు, చుట్టం" అన్నాడు. పంజరం కడిగింది అందుకు. వాసన పోవాలని కాదు. పుల్లలన్నీ మార్చాలని.

గడియారాల దుకాణంలో దాన్ని బల్ల మీద, చిన్న పంజరంలో పెట్టారు. ఎదురుగా కోకిల గడియారం. గంటగంటకీ చిన్న తలుపు తెరుచుకుని చెక్క కోకిల వస్తుంది. మొదటిసారి రాగానే దొరసాని రెక్కలు విప్పి ఊరు లేచిపోయేలా అరిచిందట. కోకిల లోపలికి పోయింది. దీనికి ఛాతీ ఉబ్బింది. గెలిచాననుకుంది. మళ్ళీ గంటకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అరిచింది. మళ్ళీ పోయింది. దుకాణం తెరిచింది మొదలు మూసే దాకా రోజుకి పదకొండు విజయాలు. పన్నెండింటికి మాత్రం గొంతు బొంగురుపోయేదట, అది పన్నెండుసార్లు కూసి గానీ పోదు కదా. గడియారాల ఆయన పని మానేసి చూస్తూ కూర్చున్నాడు. బాగుచెయ్యడానికిచ్చిన వాచీలు ఎవరివీ ఆ వారం బాగుపడలేదు.

ఏడో రోజుకి దానికి ఒకటి తెలిసింది. ఎంత తరిమినా అది వస్తుంది. తరమకపోయినా పోతుంది. అరవడం మానేసింది. ఆ రోజు గిన్నెడు గింజలు తిన్నదట.

ఇప్పుడు రెండో సంగతి. ఇది ఎప్పుడో రాయాల్సింది.

అమ్మ పోయిన ఏడాది అది. నాకు ఇరవై అయిదు. నడిపివాడికి ఉబ్బసం, వారానికి రెండుసార్లు ఆస్పత్రి. నాకు రెండు షిఫ్టులు. ఇద్దరినీ సాకలేకపోయాను. పిన్ని ఒక్కరినే చూసుకోగలనంది. ఇద్దరిలో ఎవరు పరాయి ఇంట్లో నెగ్గుకొస్తారా అని వారం రోజులు ఆలోచించాను. వాడు ఆకలేసినా అడగడు. నువ్వు అడుగుతావు, ఇవ్వకపోతే లాక్కుంటావు. నువ్వు బతుకుతావు అనుకున్నాను. ఆ నిర్ణయం అయ్యాకే నువ్వు వాడి చెయ్యి కొరికావు. నువ్వు కొరికినందుకు పంపలేదు చిన్నీ. కొరకగలవని పంపాను.

ఆ మాట నీకు చెప్పలేదు. చెబితే ఏడుస్తావని కాదు. నేను ఏడుస్తానని.

రెండేళ్ళ తరవాత వచ్చావు. నీ కిటికీ మంచం మీద నడిపివాడు ఉన్నాడు, పక్కన మందుసీసాలు. నువ్వు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. నేను "కాళ్ళు కడుక్కో" అని డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి మంచం మీద నువ్వున్నావు, మందుసీసాలు పెరట్లో ఉన్నాయి. నిన్ను తిట్టాను. అప్పట్నించి నువ్వు ఎక్కడికి వెళ్ళినా ముందు కిటికీ మంచం పట్టుకుంటావు. నాకు తెలుసు. తెలిసి కూడా "ఇచ్చెయ్యి" అని రెండు మాటల్లో రాశాను.

తీసెయ్యడం సగం పని. తిరిగి చేర్చడం మిగతా సగం. గేదెల డాక్టరు చెప్పే దాకా నాకు ఆ సగం తెలియలేదు.

శనివారం లోపు ఇది నీకు అందాలి. మేట్రన్ దగ్గరికి నువ్వే వెళ్ళు. ఏం చెప్పాలో నేను చెప్పను. ఒక్కటి మాత్రం. నాలుగు గరిటెల ఉత్తరం ఇంకోసారి చదువుకున్నావా?

పంపేస్తే ఇంటికి రా. పంజరం కడగను. పుల్లలు మారుస్తాను.

నీ అక్క

*

ఆగస్టు 8

అక్కా,

ఇన్నాళ్ళూ రాయనందుకు క్షమించు. రాయకపోవడం ఎలా ఉంటుందో నాకూ ఇప్పుడే తెలిసింది.

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రం వచ్చింది. దుప్పటి ముసుగేసుకుని చదివాను. ఉల్లిపాయలమ్మాయి వచ్చి, "ఏమండీ, ఉల్లిపాయలు తరిగారా?" అని అడిగింది. తరగలేదు అన్నాను. నిద్రమ్మ కూడా మేలుకునే ఉంది.

నాలుగు గరిటెల ఉత్తరం నా దగ్గర లేదు కదా, నీకు పంపేశాను. కాని రాసింది నేనే, గుర్తుంటుంది. మంచం మీద కూర్చుని మనసులో చదువుకున్నాను. ఈ పొయ్యి నుంచి ఆ పొయ్యికి. రొప్పు. చిక్కిపోవడం. దొరసాని ఎవరో తెలిసి సిగ్గుతో కాదక్కా, ముందు నవ్వొచ్చింది. ముసుగులోనే నవ్వాను. ఏడుస్తున్నాననుకుని కళ్ళద్దాలావిడ మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళింది.

శనివారం పొద్దున మేట్రన్ గదికి వెళ్ళాను. తాళంచెవి తీసి ఆ కాగితం మీద పెట్టాను.

"ఏమిటిది?" అంది.

"నన్ను పది రోజులు వంటింట్లోంచి తీసెయ్యండి. ఎక్కడైనా పెట్టండి. ఇంటికి మాత్రం ఇప్పుడే పంపకండి."

"పది రోజులే ఎందుకు?"

"మా ఇంట్లో ఒకదానికి పది రోజులు పట్టిందండి."

"ఎవరికి?"

"పక్షికండి."

నాకు మతి పోయిందనే మేట్రన్ అనుకుని ఉంటుంది. కాని ఆ కాగితం సొరుగులో పెట్టి, దుప్పట్లు ఉతికే చోటికి పంపింది.

అక్కడ నా కోకిల గడియారం ఉందక్కా. గది అంత మిషను. నలభై నిమిషాలకోసారి గుడగుడమని ఆగుతుంది, నోరు తెరుస్తుంది, దుప్పట్లు కక్కుతుంది. మొదటిరోజు "త్వరగా కానీ, ఇంకెంతసేపు?" అని దానిమీద కూడా కేకలేశాను. అక్కడ పనిచేసే ముసలాయన చెవుల్లోంచి దూది తీసి, "అమ్మా, అరిస్తే నలభై నిమిషాలు. అరవకపోతే కూడా నలభై నిమిషాలే" అని మళ్ళీ దూది పెట్టుకున్నాడు. నాలుగో రోజుకి నేనూ దూది పెట్టుకున్నాను. కూర్చుని తిన్నాను. జాకెట్లు మళ్ళీ సరిపోతున్నాయి.

పదకొండో రోజు వంటింట్లోకి అందరికంటే ఆఖర్న వెళ్ళాను. పొయ్యిలు అటువి ఇటు మారాయి, మేట్రన్ మార్పించిందట. నేను గుమ్మంలోనే ఆగి, నీలాగే మాటలు పొదుపు చేసి, "నేనెక్కడ నిలబడాలి?" అని అడిగాను. ముగ్గురూ గరిటెలు ఆపేశారు. జావ అడుగంటింది. నేను ఏమీ అనలేదు! ఏమీ అనలేదని నువ్వు డైరీలో రాసుకోవాలి.

ఉల్లిపాయల దగ్గర చోటు చూపించారు. ఆ అమ్మాయి ఎలా తరగాలో నేర్పింది. పది నిమిషాల్లో నా కళ్ళనిండా నీళ్ళు. కళ్ళద్దాలావిడ నా వీపు నిమిరి, "పోనీలేమ్మా, అయిపోయిందేదో అయిపోయింది" అంది. అది ఉల్లిపాయల వల్ల అని నేను చెప్పలేదు. సగమే ఉల్లిపాయల వల్ల.

మంచం తలుపు పక్కది తీసుకున్నాను. నిద్ర పడుతోంది. కాస్త ఆలస్యంగా.

మేట్రన్ కాగితం ఇంకా సొరుగులోనే ఉంది. నవంబరు ఆఖరికి ఆరు నెలలు అవుతాయి. అప్పుడు చూస్తుందట.

పిన్ని ఇంటి సంగతి... తరవాత రాస్తాను. ఆ ఒక్క వాక్యం, "కొరకగలవని పంపాను" అన్నది, కత్తిరించి దిండు గలీబులో పెట్టుకున్నాను. ఉత్తరానికి మధ్యలో కిటికీ పడింది.

నీ చిన్నది

*

ఆగస్టు 15

చిన్నీ,

నీ ఉత్తరం నడిపివాడికి చదివి వినిపించాను. మిషను మీద కేకలేసిన చోట ఆపి మళ్ళీ చదవమన్నాడు. పిన్ని ఇంటి సంగతి వాడికీ ఇప్పుడే చెప్పాను. "నా మందుసీసాల కోసమా అక్కా?" అన్నాడు. అవునన్నాను. వాడు నీకు రాస్తానన్నాడు. రాయడు, బొమ్మ వేసి పంపుతాడు.

దొరసానిని చేర్చిన సంగతి నీకు పూర్తిగా రాయలేదు. ఆఖర్న వదిలాను. ఎక్కడి పుల్ల అక్కడ లేదు. కింది పుల్ల మీద ముడుచుకుని కూర్చుంది. మేస్టారు తల ఊపాడు, ఈసారి వెనక్కి జరగలేదు. బక్కోడు కుంటుకుంటూ వచ్చి దాని నెత్తిమీద ఒక్క పోటు పొడిచాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. రెండో పోటుకి కూడా దొరసాని ఊరుకుంది. మూడోదానికి బక్కోడి మెడ పట్టుకుంది. అయితే కొరకలేదు. పట్టుకుని వదిలేసింది. ఇంతవరకు వస్తే ఇంతే అని చెప్పడానికి.

ఇప్పుడు గిన్నెలు రెండే. చాలుతున్నాయి. అప్పుడప్పుడు గొడవ వస్తుంది. పోతుంది.

మరీ మెత్తబడిపోకు. ఎవరైనా మూడోసారి పొడిస్తే మెడ పట్టుకో. కొరక్కు.

అక్క

*

నవంబరు 30

అక్కా,

ఉంచుకున్నారు. మేట్రన్ కాగితం చింపింది. కళ్ళద్దాలావిడ పెద్ద గరిటె ఇచ్చింది. పన్నెండు రోజుల సెలవు.

ఇంటికి రావచ్చా?

చిన్నది

*

డిసెంబరు 5

మా చిన్నదానికి, మనసారా ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి కాగితం తిప్పి చూశాను, వెనకవైపు ఇంకేమైనా ఉందేమోనని. లేదు. నీకెందుకా అలవాటు? అది నాది. నాకు వదిలెయ్యి.

రావచ్చా అని అడిగావు. ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా రాస్తాను.

రా. పన్నెండో తారీకు, శుక్రవారం మధ్యాహ్నం బండికి రా. స్టేషనుకి నడిపివాడు వస్తాడు, ఎప్పటిలాగే విరిగిన గొడుగు పట్టుకుని, వాన లేకపోయినా. నీ పెట్టె వాడే మోస్తానన్నాడు. మోయనీ. ముందు గదిలో కిటికీ పక్కన నీ మంచం వేశాను. ఇన్నాళ్ళూ అక్కడ నా కుట్టుమిషను ఉండేది. తీసి వంటగదిలో పెట్టాను. దొరసాని దాన్ని చూసి ఒక రోజంతా అరిచి ఊరుకుంది. దుప్పటి కొత్తది. దిండు నీ పాతదే, నువ్వు మూల కొరికినది.

ఆ పన్నెండు రోజులూ రెండో షిఫ్టుకి వెళ్ళనని ఆఫీసులో చెప్పాను. పిన్ని ఇంట్లో రెండేళ్ళూ ఎలా గడిచాయో నువ్వు చెప్పాలి. నేను వింటాను. ఎంతసేపైనా. మధ్యలో "ఈ మాట లేకపోయినా అర్థమవుతుంది" అనను.

ఇరవై నాలుగున నువ్వు తిరిగి వెళ్తావు. అది నేను పంపడం కాదు. నీకక్కడ పని ఉంది, నీకోసం ముగ్గురు ఎదురుచూస్తుంటారు, అందుకని వెళ్తావు. వేసవిలో సెలవు పెట్టి మళ్ళీ వస్తావు. మంచం అప్పటికీ అక్కడే ఉంటుంది. ఆ తరవాతా ఉంటుంది. కుట్టుమిషను వంటగదికి అలవాటు పడుతుంది.

పంజరంలో వేలు పెట్టకు. దొరసాని మారింది కాని అంత మారలేదు.

గడియారాల ఆయన నిన్ను చూడాలంటున్నాడు. ఆ కోకిల గడియారం ఎవరో కొనుక్కుని పోతుంటే, దొరసాని ఎప్పుడైనా చుట్టపుచూపుగా వస్తుందేమోనని అమ్మలేదట.

బండి దిగి ఇంటికొచ్చాక గుమ్మంలో నిలబడకు. పెట్టె కూడా దింపకు. తిన్నగా లోపలికి రా.

కాళ్ళు తరవాత కడుక్కోవచ్చు.

నీ అక్క